బడిపంతుళ్లను తీర్చిన వైద్యుడు: సర్ జేమ్సు కే షటిల్‌వర్తు జీవిత సంగ్రహము

లోకమున రాజుల చరిత్రములు, సేనాపతుల చరిత్రములు, కవుల చరిత్రములు చదువని విద్యార్థి యుండడు. తనకు అక్షరములు దిద్దించిన పంతులుగారు ఆ పనికి ఎట్లు సిద్ధపడిరో విచారించిన విద్యార్థి మాత్రము అరుదు. బోధింపగోరువాడు ముందుగా బోధించు విధమును నేర్వవలెననుట నేడు ఎల్లరకును సామాన్యవిషయముగా తోచుచున్నది. కాని పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభమున, యంత్రములచేతను మిల్లులచేతను ప్రపంచమునందు మేటియై వెలసిన ఇంగ్లండు దేశముననే ఈ మాట పలువురకు రుచింపలేదు. బీదవాని బిడ్డకు నాలుగక్షరములు వచ్చిన చాలుననియు, వాటిని చెప్పుటకు ఎవడైనను చాలుననియు అనేకులు తలచుచుండిరి. ఆ తలంపును మార్చుటకై తన ధనమును ఆరోగ్యమును ధారవోసిన ఒక వైద్యుని జీవితమును ఈ సంచిక చదువరులకు తెలుప నుద్యమించితిమి.

జేమ్సు ఫిలిప్సు కే 1804వ సంవత్సరము జూలై 20వ తేదీన లాంకషైరు మండలమునందలి రాచ్‌డేలు పట్టణమున జన్మించెను. ఈయన తండ్రి ప్రత్తిపరిశ్రమలో నున్నవాడు. అది కొండవాగుల యొడ్డునను, బొగ్గుగనుల చెంతను మిల్లులు లేచుచున్న కాలము. తరతరములుగా ఇంటిలో కూర్చుండి నూలు వడికినవారును, మగ్గము నేసినవారును పల్లెలు విడిచి పట్టణములకు కూలికై చేరుచుండిరి. కే కుటుంబమువారు ఇంగ్లండు ప్రభుత్వ సంఘమునకు చెందక, స్వతంత్ర సంఘములలో నొకదానికి చెందినవారు. బాలుడైన జేమ్సు బంధువుల బ్యాంకులో గుమాస్తాపని నేర్చుకొనుచు, ఆదివారములందు బీదపిల్లలకు బడి చెప్పుచుండెను. ఆరు దినములు మిల్లులో పనిచేసి, ఏడవనాడు అక్షరములకై వచ్చు పిల్లలను ఆయన అప్పుడే చూచెను.

బ్యాంకుపని ఆయన మనస్సునకు ఇంపు కాలేదు. 1824లో ఎడింబరో విశ్వవిద్యాలయమున చేరి వైద్యమభ్యసించి, 1827లో పట్టము పొందెను. మరుసటి సంవత్సరమున మాంచెస్టరు నగరమునకు వచ్చి, మిల్లు కూలీలు నివసించు ఆంకోట్సు పేటలో బీదలకై స్థాపించిన ధర్మవైద్యశాలలో వైద్యుడుగా కుదిరెను.

ఆనాటి మాంచెస్టరును గూర్చి కొంత చెప్పవలసి యున్నది. 1801 మొదలు 1831 వరకు ముప్పది యేండ్లలో ఆ పట్టణపు జనసంఖ్య రెట్టింపైనది. జనము పెరిగెనేగాని, వారికి తగిన ఇండ్లుగాని, మురుగు కాలువలుగాని, పాఠశాలలుగాని పెరుగలేదు. ఇట్టి స్థితిలో 1832లో కలరా మహమ్మారి మాంచెస్టరును తాకెను. 1817లో మన దేశమునందలి వంగరాష్ట్రమున విజృంభించిన ఆ వ్యాధి, దేశదేశములు దాటి, 1831లో ఇంగ్లండు తీరము చేరియుండెను. మాంచెస్టరులో దాని నెదుర్కొనుటకు ఏర్పడిన ప్రత్యేక ఆరోగ్యసంఘమునకు కే కార్యదర్శి యయ్యెను. మెడ్‌లాక్ నది వంపున, మిల్లు పొగగొట్టముల నడుమ పల్లపు నేలలో నున్న ఐరిషు కూలివారి వాడకును, అట్టి మరి యనేక వాడలకును ఆయన స్వయముగా పోయి చూచెను.

ఆరోగ్యసంఘమువారు తనిఖీ చేసిన 6,951 ఇండ్లలో 2,221 ఇండ్లకు మరుగుదొడ్లు లేవు. 1,435 ఇండ్లు చెమ్మగిల్లి యున్నవి. చూచిన 687 వీధులలో 248 వీధులకు రాతిపరపు లేదు. 352 వీధులలో చెత్తకుప్పలును, నిలువనీటి గుంటలును ఉండెను. ఈ లెక్కలను చేర్చి, మాంచెస్టరు కూలివారి స్థితిని గూర్చి ఆయన ఆ సంవత్సరముననే ఒక చిన్న గ్రంథమును ప్రకటించెను. అది దేశమంతటను చర్చింపబడెను.

వైద్యుడు రోగమునకు మూలము వెదకును. ఈ వైద్యుడు ఆ మూలమును మురుగునీటిలో మాత్రమే గాక అవిద్యలోను చూచెను. ఇచ్చట ఒక సత్యమును దాచరాదు. కే మనస్సున దయ యెంత యున్నదో భయమును అంత యుండెను. చదువులేని కూలిజనము సమ్మెలు కట్టి, అల్లరులు రేపి, యంత్రములను పాడుచేయుదురని ఆయన బెదరెను. పాఠశాల వారిని క్రమములో నుంచునని ఆశించెను. ఐరిషువారిని గూర్చి ఆయన వ్రాసిన మాటలు కఠినమైనవి. కూలి చాలకపోవుటయు, పనిగంటలు అధికమగుటయు వారి దుర్దశకు ఎంత కారణమో ఆయన తగినంతగా తలపోయలేదని తరువాతి చరిత్రకారులు తప్పుపట్టిరి. ఆ తప్పు నిజమే. అయినను భయముతో మొదలిడిన పని పోనుపోను ప్రేమగా మారుట ఆయన జీవితమున మేము చూచుచున్నాము.

అప్పటి బీదల బడులు ఎట్టివి? 1833లో కే, ఆయన మిత్రులు కలిసి మాంచెస్టరు గణాంక సంఘమును స్థాపించిరి. ఆ సంఘమువారు వీధివీధి తిరిగి పాఠశాలలను చూచిరి. కొన్ని బడులు ముసలమ్మలు తమ యింటనే, కొన్నియెడల నేలమాళిగలలో, నడుపునవి. పిల్లలను మిల్లునకు పోవు తల్లులు ఆ యమ్మలకు అప్పగించి పోవుదురు. చదువుకన్న కాపలాయే అధికము. మరికొన్ని బడులు వేరుపనులకు కొరగాక ఈ వృత్తిలోనికి వచ్చినవారు నడుపునవి.

ఇవి గాక, గొప్ప సంఘములు నడుపు పాఠశాలలలో మానిటరు పద్ధతి సాగుచుండెను. ఈ పద్ధతికిని మన చెన్నపట్టణమునకును సంబంధము కలదు. 1789లో ఎగ్మూరులో నెలకొల్పిన సైనికుల అనాథ బాలుర ఆశ్రమమునకు అధికారియైన ఆండ్రూ బెల్ దొర, మన దేశపు వీధిబడిలో పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట చూచి, తన ఆశ్రమమునను అట్లే చేయించెను. పెద్ద బాలురచేత చిన్న బాలురకు పాఠములు చెప్పించెను. 1797లో ఆయన లండనులో ప్రకటించిన పుస్తకమువలన ఆ పద్ధతికి మద్రాసు పద్ధతియని పేరు వచ్చెను. జోసెఫ్ లాంకాస్టరు అను క్వేకరు మతస్థుడు లండనులోని బరో రోడ్డు పాఠశాలలో ఇట్టి పద్ధతినే మిక్కిలి వ్యాపింపజేసెను. ఒక పెద్ద హాలు, ఒక పంతులు, వందలకొలది పిల్లలు, పదిమందికొక మానిటరు. పంతులు మానిటరుకు చెప్పును. మానిటరు తన వరుసకు చెప్పును. మిల్లులో మరలు తిరిగినట్లు బడి తిరిగెడిది. ఖర్చు అత్యల్పము. అందుచేతనే అది ధనికులకు నచ్చెను. కాని తొమ్మిదేండ్ల మానిటరు తాను ఎరిగిన మాటను అప్పజెప్పించగలడే గాని, ప్రశ్నకు సమాధానమీయగలడా? పిల్లవాడు ఎక్కడ తడబడెనో, ఎందుచేత తడబడెనో కనిపెట్టగలడా?

1833లో పార్లమెంటువారు మొదటిసారిగా పాఠశాలల కట్టడములకై 20,000 పౌనులు మంజూరు చేసిరి. ఆ సంవత్సరపు ఫ్యాక్టరీ చట్టము, తొమ్మిదేండ్లు నిండని పిల్లలను నూలుమిల్లులలో పెట్టరాదనియు, పదుమూడేండ్ల లోపువారికి దినమునకు రెండుగంటలు బడి యుండవలెననియు శాసించెను. గోడలకు ధనము వచ్చెను. గంటలకు చట్టము వచ్చెను. పాఠము చెప్పువాడు మాత్రము ఎక్కడనుండి వచ్చును?

దీనికి ప్రత్యుత్తరము కే గారికి ఒక పిల్లవానివలన దొరికెను. 1835లో ఆయన వైద్యవృత్తి మాని, బీదల పోషణ చట్టము క్రింద సహాయ కమిషనరుగా నార్ఫోకు, సఫోకు మండలములకు పోయెను. అచ్చట వర్క్‌హౌసులనబడు బీదల ఆశ్రమములలో అనాథబాలురకు బడులుండెను. ఒక ఆశ్రమమున పంతులు జబ్బుపడగా, పదుమూడేండ్ల బాలుడొకడు తనంతట తాను తరగతిని నిలువబెట్టి, బడి చక్కగా నడుపుచుండుట ఆయన చూచెను. అనాథయై ఆశ్రమపు గంజి త్రాగి పెరిగిన పిల్లవాడు అంతపని చేయగలిగినచో, వానికి అయిదారేండ్లు శ్రద్ధతో చదువు చెప్పి, మంచి పంతులు చేతిక్రింద నుంచినయెడల ఎట్టి ఉపాధ్యాయుడగును? ఈ యాలోచన ఆయనను మరల విడువలేదు. మానిటరు చౌకకై వాడుకొనబడు పిల్లవాడు. ఈయన కోరినది రేపటి ఉపాధ్యాయుడుగా పెంచబడు పిల్లవాడు. ఈ భేదమే ఆయన చేసిన పనికంతకును ప్రాణము.

పిమ్మట ఆయన స్కాట్లండుకు పోయి, గ్లాస్గోలో డేవిడ్ స్టో స్థాపించిన శిక్షణాలయమును చూచెను. అచ్చటి ఉపాధ్యాయులను తెచ్చి, లండను చెంతనున్న నార్వుడు అనాథపాఠశాలలో నియమించెను. యూరపు ఖండమున ప్రయాణముచేసి హాలండులో శిష్యులను ఉపాధ్యాయులుగా తీర్చు విధమును పరిశీలించెను. స్విట్జర్లండులో కాన్‌స్టన్స్ సరస్సు గట్టున వేర్లీ అను ఉపాధ్యాయుని శిక్షణాలయము ఆయన హృదయమును దోచెను. అచ్చటి విద్యార్థులు పెస్టలోజీ మార్గమున వస్తువులను చూపి బోధించుట నేర్చుకొనుచు, పొలములోను వంటయింటిలోను తమ చేతులతో పనిచేయుచుండిరి.

1839 ఏప్రిలులో విద్యావిషయములకై రాణిగారి ప్రీవీ కౌన్సిలు ఉపసంఘము ఏర్పడగా, కే దానికి కార్యదర్శిగా నియమింపబడెను. ఆ సంఘము చేయదలచిన మొదటిపని ప్రభుత్వమువారి నార్మల్ స్కూలు, అనగా ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల. ఆ పాఠశాలలో అన్ని క్రైస్తవ శాఖలవారును చేరవచ్చును. మత బోధ ఎవరు చేయవలెనను ప్రశ్న అప్పుడు పుట్టెను. ప్రభుత్వ సంఘపు బిషప్పులు ఇతర శాఖలవారికి చోటీయరాదని పట్టుబట్టిరి. స్వతంత్ర సంఘములవారు బిషప్పుల అధికారమునకు లోబడమనిరి. పెద్దల వాదములో పిల్లల సంగతి మరుగుపడెను. కొద్ది వారములలోనే నార్మల్ స్కూలు ఆలోచనను ప్రభుత్వమువారు విడిచిరి. పాఠశాలలకు కోరిన 30,000 పౌనుల గ్రాంటు సయితము కామన్సు సభలో కేవలము రెండు వోట్ల ఆధిక్యముతో గట్టెక్కెను. క్రైస్తవ పాఠశాలలో పనిచేయు మాబోటివారు ఈ వృత్తాంతమును విచారముతో చదివి, జ్ఞాపకముంచుకొనవలసి యున్నది.

ప్రభుత్వము చేయలేని పనిని కే తానే చేయబూనెను. మిత్రుడైన టఫ్‌నెల్‌తో కలిసి, 1840 ఆరంభమున, థేమ్సు నది యొడ్డున బాటరుసీ గ్రామములో ఒక పాత మేడను తీసికొని, స్వంత ధనముతోను మిత్రుల చందాలతోను శిక్షణ పాఠశాలను తెరచెను. మొదటి విద్యార్థులలో నార్వుడు అనాథపాఠశాల బాలురును ఉండిరి. తల్లితోను సోదరితోను కే అచ్చటనే కాపురముండెను. విద్యార్థులు ఉదయము అయిదున్నర గంటలకే లేతురు. ఇల్లు ఊడ్చుట, బూట్లు తుడుచుట, తోట త్రవ్వుట, ఆవులను పందులను కోళ్లను సాకుట వారి పనియే. తరువాత పాఠములు: లెక్కలు, భూగోళము, యంత్రశాస్త్రము, చిత్రలేఖనము, జాన్ హల్లా గారు నేర్పు సంగీతము. ఆ గ్రామపు గురువుగారు తమ బడిని అభ్యాస బోధనకు ఒసగిరి.

ఇంత చాకిరి ఎందుకని మన విద్యార్థులు అడుగవచ్చును. బీదవాడలో పనిచేయవలసిన పంతులు, నాలుగు పుస్తకములు చదివినంతమాత్రమున తన పిల్లల తల్లిదండ్రులను చిన్నచూపు చూడరాదనియు, కొలది జీతముతో మర్యాదగా బ్రతుక నేర్వవలెననియు ఆయన కోరిక. ఆ పాఠశాల వ్యయము మోయరానిదగుటచే 1843లో దానిని ప్రభుత్వ సంఘమువారి నేషనల్ సొసైటీకి అప్పగించెను. అది 1923లో మరియొక శిక్షణ కళాశాలతో కలిసి, 1973లో ప్లిమత్ పట్టణమునకు తరలి, నేడు విశ్వవిద్యాలయముగా నున్నది.

1842లో ఆయన జానెట్ షటిల్‌వర్తు అను జమీందారీ వారసురాలిని వివాహమాడి, ఆమె యింటిపేరును తన పేరుతో చేర్చుకొనెను. గాథార్పు హాలు అను ఆ వంశపు భవనము ఆయనకు నివాసమయ్యెను. సంపద చేకూరినను ఆయన విశ్రమింపలేదు.

1846లో ఆయన తయారుచేసిన నిబంధనలు ఇంగ్లండు ప్రాథమిక విద్యకు పునాదిరాళ్లు. వాటి ప్రకారము పదుమూడేండ్లు నిండిన చురుకైన బాలుడుగాని బాలికగాని ప్యూపిల్ టీచరుగా, అనగా శిష్యోపాధ్యాయుడుగా, అయిదేండ్లకు ఒడంబడిక వ్రాయవచ్చును. మొదటి సంవత్సరము 10 పౌనులు. ఏటేట హెచ్చి అయిదవయేట 20 పౌనులు. పగలు తరగతికి బోధింపవలెను. బడివేళకు ముందుగాని తరువాతగాని గంటన్నరసేపు ప్రధానోపాధ్యాయునియొద్ద తాను చదువుకొనవలెను. అట్లు చదువు చెప్పినందుకు ప్రధానోపాధ్యాయునికి ఒక శిష్యునికి 5 పౌనులు, ఇద్దరికి 9 పౌనులు. ఏటేట ఇన్‌స్పెక్టరు పరీక్ష. అయిదేండ్లు ముగిసినవారిలో ఉత్తములకు రాణిగారి విద్యార్థివేతనముతో శిక్షణ కళాశాలలో ప్రవేశము. అచ్చట తేరినవారికి సర్టిఫికెటు, దానినిబట్టి జీతముపై అదనపు సొమ్ము, వృద్ధాప్యమున పింఛను.

ఈ యేర్పాటు కూలివారి యిండ్లలో చేసిన మార్పును గ్రహింపవలెను. పదుమూడేండ్ల పిల్లవాడు మిల్లుకు పోయిన దినదినము కూలి వచ్చును. బడిలో నుంచిన ఆ కూలి పోవును. ఏ తల్లిదండ్రులు నిలుపగలరు? శిష్యోపాధ్యాయుని వేతనము ఆ చిక్కును కొంత తీర్చెను. మగ్గము నేయువాని కుమారుడును, రాళ్లు కొట్టువాని కుమార్తెయు తమ స్వశక్తిచే పంతులును పంతులమ్మయు కాగల మార్గము తెరువబడెను. 1860 నాటికి శిష్యోపాధ్యాయులు పదివేలకు మించియుండిరి. ఈ పద్ధతిలో కొరతలు లేకపోలేదు. పగలెల్ల బోధించి రాత్రి చదువు బాలబాలికలు అలసి సొలసిరి. వారి చదువు ఇరుకైనదిగా నుండెను. అయినను మానిటరు పద్ధతి దీని ముందు నిలువలేకపోయెను.

అంతపని చేసినవాని దేహము నిలువలేదు. 1848 డిసెంబరులో కే షటిల్‌వర్తు మూర్ఛవచ్చి పడిపోయెను. 1849లో ఉద్యోగమును విడిచెను. ప్రభుత్వమువారు బారొనెట్ బిరుదమునిచ్చిరి. ఆయన గృహసౌఖ్యము కూడ చెడెను; కొన్ని యేండ్లకు భార్య వేరుగా విదేశములలో నివసింపసాగెను.

అంతకన్న గొప్ప దెబ్బ 1862లో తగిలెను. విద్యావ్యయము పెరుగుచున్నదని తలచి, రాబర్టు లో అను మంత్రి క్రొత్త నియమావళిని తెచ్చెను. అందు చదువుట, వ్రాయుట, లెక్క అను మూడింటిలో ఒక్కొక్క పిల్లవానిని ఇన్‌స్పెక్టరు పరీక్షించి, ఫలితమునుబట్టి గ్రాంటు నిచ్చును. తప్పిన పిల్లవాని పేర ధనము తగ్గును. శిష్యోపాధ్యాయులకు ప్రభుత్వము నేరుగా నిచ్చు వేతనములు, పంతుళ్లకు సర్టిఫికెటుపై వచ్చు సొమ్ము, పింఛను రద్దయ్యెను. 1861లో 8 లక్షల పౌనులకు పైగానున్న గ్రాంటు 1865లో 6½ లక్షల లోపునకు పడిపోయెను. మురికివాడలోని బడికి రోగముతోను ఆకలితోను వచ్చు పిల్లవానిని, కలవారి పిల్లవానిని ఒకే కొలతతో కొలిచి, పంతులు జీతము కోయుట న్యాయము కాదని కే షటిల్‌వర్తు తీవ్రముగా వాదించి వ్రాసెను. ఆయన మాట చెల్లలేదు. ఆ తరువాత అనేక బడులలో పిల్లలు పుస్తకమును కంఠస్థము చేసి అప్పజెప్పుటయే చదువయ్యెను. మూడు దశాబ్దములకు గాని ఆ పద్ధతి సడలలేదు.

ఆ సంవత్సరములలోనే అమెరికా అంతర్యుద్ధమువలన ప్రత్తి రాక, లాంకషైరు మిల్లులు మూతపడెను. లక్షలమంది కూలిలేక మలమల మాడిరి. వృద్ధుడగుచున్న కే షటిల్‌వర్తు సహాయసంఘమున ముఖ్యుడై పనిచేసెను. పనిలేని మిల్లు కూలీలకు బడులును, ఆడువారికి కుట్టుపని తరగతులును అప్పుడు నడుపబడెను. యౌవనమున కూలిజనమునకు జంకిన మనుష్యుడు ముదిమిలో వారి యాకలికి అండగా నిలిచెను. ఊరూరను పాఠశాలలుండవలెనను 1870వ సంవత్సరపు చట్టమును కన్నులార చూచి, 1877 మే 26వ తేదీన లండనులో ఆయన కాలధర్మము నొందెను.

ఈ వైద్యుని చేయి మన దేశముపైకిని చాచినది. 1854లో కంపెనీ డైరెక్టర్లు పంపిన ఉడ్ డెస్పాచి అను లేఖలో, ఇంగ్లండులోవలె శిష్యోపాధ్యాయులకు వేతనములిచ్చి, శిక్షణ పాఠశాలలు స్థాపింపవలెనని వ్రాయబడియున్నది. లో గారి నీడయు మనపై పడెను. ఫలితమునుబట్టి గ్రాంటు నిచ్చు పద్ధతి మద్రాసు రాజధానిలోను కొంతకాలము నడచినది.

విద్యార్థులారా, మీ తరగతిలో వెనుకబడిన బాలునికి పంతులుగారు మరల మరల ఒక లెక్కను వేరువేరు విధముల చెప్పుట మీరు చూచియుందురు. విసుగుకొనకుడు. ఆ ఓర్పును ఆయన ఒక చోట, ఒకరి చేతిక్రింద, కష్టపడి నేర్చుకొనెను. తల్లిదండ్రులారా, చదువవలసిన బిడ్డను కూలికి పంపక బడిలో నిలుపుటకు మీరు పడు బాధ ఎట్టిదో కే షటిల్‌వర్తు ఎరుగును. కనుకనే తన యేర్పాటులో మొదట మీ సంగతినే తలచెను. ఇక మాతోడి ఉపాధ్యాయులకు ఒక్కమాట. పాఠశాల కట్టడము ఎంత గొప్పదైనను, పుస్తకములు ఎన్ని యున్నను, పిల్లవాని యెదుట నిలుచునది మనమే. మనము నేర్చుకొనుట మానిననాడు ఆ పెద్ద హాలులోని మానిటరునకును మనకును భేద మేమున్నది?